కరెంటు పోతే వంట ఎలా? ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఒక్కటే ఉంది

మధురవాడ_కొత్తకాపురం | శుక్రవారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో మధురవాడ దగ్గర ఆరో అంతస్తులో అద్దెకుంటున్నాం. హైదరాబాద్ నుంచి ఈమధ్యే ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాం. గ్యాస్ కనెక్షన్ ఇంకా ఇక్కడికి మారలేదు. ఇండక్షన్ పొయ్యి, చిన్న రైస్ కుక్కర్, కెటిల్, ప్రస్తుతానికి ఇవే మా వంటిల్లు. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోందని, ఆదివారానికి గాలులు ఎక్కువవుతాయని టీవీలో ఒకటే హోరు. ఇంట్లో మేమిద్దరం, రెండేళ్ల బాబు, మా అత్తగారు. ఆవిడకి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు, టైముకి తినాలి.

ఇన్వర్టర్ ఉంది: 900 వీఏ, 150 ఏహెచ్ బ్యాటరీ. దాని మీద ఇండక్షన్ నడుస్తుందా? నడవకపోతే ఏం చేయాలి? ఫ్రిజ్ నిండా దోసెల పిండి, చికెన్, వంజరం ముక్కలు, పాల ప్యాకెట్లు ఉన్నాయి. మావారేమో "హోటల్ నుంచి తెప్పించుకుందాంలే" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

తిండిపోతు_143 | శుక్రవారం, సాయంత్రం 6:20

కరెంటు లేకపోతే లిఫ్టు కూడా ఉండదని మీవారికి చెప్పండి. డెలివరీ అబ్బాయి ఆరంతస్తులు ఎక్కి రాడు, ఆయనే దిగాలి. అదీ హోటల్ తెరిచి ఉంటే.

ఫ్యూజుపోయింది | శుక్రవారం, సాయంత్రం 6:51

ముందు లెక్క చెప్తాను. 900 వీఏ ఇన్వర్టర్ మీద మహా అయితే 700 వాట్ల దాకా లోడు వేయొచ్చు. ఇండక్షన్ పొయ్యి మీద 1800 అనో 2000 అనో రాసి ఉంటుంది. "తక్కువలో పెడితే నడవదా?" అని అందరూ అడుగుతారు. మామూలు ఇండక్షన్ పొయ్యిల్లో చాలావాటికి 300 నొక్కితే అది నికరంగా 300 తీసుకోదు. వెయ్యి వాట్లకు దగ్గరగా కొన్ని సెకన్లు లాగుతుంది, కొన్ని సెకన్లు ఆగుతుంది. చెవి పెట్టి వింటే ఆ బుర్రుమనే చప్పుడు వచ్చి పోతూ ఉంటుంది. సగటున 300 అవుతుంది నిజమే, కానీ ఇన్వర్టర్‌కి సగటుతో పనిలేదు. లాగిన ఆ క్షణమే కూ అని అరిచి ఆగిపోతుంది.

బ్యాటరీ సంగతి: 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. చేతికొచ్చేది మూడింట రెండు వంతులు అనుకోండి. పసిబిడ్డ, పెద్దావిడ ఉన్న ఇంట్లో అది ఫ్యాను, లైటు, ఫోన్ల కోసం దాచుకోవాల్సిన సొత్తు.

చిన్న రైస్ కుక్కర్ 300, 400 వాట్లదైతే మాత్రం నడుస్తుంది. ఒక విడత అన్నానికి 200 వాట్ అవర్ల లోపే పోతుంది. అది ఉడుకుతున్నంతసేపు మిగతావి ఆపేయండి. 700 వాట్ల పెద్ద కుక్కర్ పెట్టొద్దు, అది సరిగ్గా గీత మీద ఉంటుంది. ఇంకోటి, చాలా ఇళ్లలో వంటింటి ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను ఉండదు. హాల్లో టీవీ పక్కన ఉన్న 5 ఆంపుల ప్లగ్గుకి ఉంటుంది. కరెంటు ఉండగానే ఒకసారి మెయిన్ ఆపి ఏ ప్లగ్గు పనిచేస్తుందో చూసి పెట్టుకోండి.

మిక్సీ, కెటిల్ గురించి మర్చిపోండి.

బెజవాడ_బాబాయ్ | శుక్రవారం, రాత్రి 7:30

ఇన్వర్టర్ మీద వంట అనేది తీరని ముచ్చట. అమ్మా, రేపు పొద్దున్నే మీవారిని పంపి 5 కేజీల చిన్న బండ తెప్పించు. ఇండియన్ ఆయిల్ వాళ్లది ఛోటూ అంటారు, మిగతా కంపెనీలవీ ఉన్నాయి. ఏజెన్సీలో ఇస్తారు, కొన్ని పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతుంది. అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు. దాంతోపాటు రెగ్యులేటరు, ఐఎస్‌ఐ గుర్తున్న పైపు, ఒంటి పొయ్యి స్టవ్. నలుగురున్న ఇంటికి పొదుపుగా వాడితే పది రోజులకు పైనే వస్తుంది. తుపాను అయిపోయాక కూడా పనికొచ్చే సామానే.

బిగించాక రెగ్యులేటర్ చుట్టూ సబ్బు నురగ రాసి చూడండి. బుడగలొస్తే లీకు. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు, అందుకే చెప్తున్నా. గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. కరెంటు లేనప్పుడు లీకైతే ఇంకో చిక్కుంది. కరెంటు ఉన్నట్టుండి వస్తే ఫ్రిజ్ దానంతటదే మొదలవుతుంది, అక్కడో నిప్పురవ్వ చాలు. వాసనొస్తే బండ కట్టేసి, తలుపులు కిటికీలు బార్లా తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. ఇంట్లో స్విచ్చులు వేయొద్దు, ఉన్నవి ఆపనూ వద్దు.

ఆరో అంతస్తు కాబట్టి మీకు నీళ్ల భయం లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు కింది ఇళ్లలో ఖాళీ బండలు తేలుతూ కనిపించాయి. నీళ్లలో మునిగిన రెగ్యులేటరు, స్టవ్ ఆరబెట్టేసి వాడకూడదు. మెకానిక్‌కి చూపించాకే వెలిగించాలి. కింది అంతస్తుల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లు బండని ముందే పై ఇంటికి చేర్చుకోండి.

సీతమ్మధార_పెద్దమ్మ | శుక్రవారం, రాత్రి 8:45

అమ్మాయ్, అందరూ పొయ్యి గురించే చెప్తున్నారు. పొయ్యి ఏదో ఒకటి దొరుకుతుంది. నీళ్ల సంగతి చూసుకున్నావా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో గ్యాస్ నిండు బండ ఉంది. వంటకి లోటే లేదనుకున్నాం. గాలి గంటకి 180 కిలోమీటర్ల వేగంతో కొట్టి ఊళ్లో స్తంభాలన్నీ పడుకున్నాక తెలిసింది, మోటారు తిరగకపోతే ట్యాంకులో ఉన్నదే నీరని. మా అపార్టుమెంటు పైట్యాంకు చూస్తుండగానే అడుగంటింది. సంపులో నీళ్లున్నాయి, పైకెక్కించే దిక్కులేదు. బకెట్లకి తాడు కట్టి తోడుకుని మెట్లెక్కాం. అప్పుడు ప్రతి వంటకీ "ఇది ఎన్ని గిన్నెలు కడిగిస్తుంది?" అన్నదే లెక్కయింది.

అందుకని అన్నం వార్చకు, అత్తెసరు పెట్టు. బియ్యం ఒకసారే కడిగి, ఆ కడుగు నీళ్లు పడెయ్యకుండా గిన్నెలు నానబెట్టడానికి ఉంచు. పాత కుక్కర్ గిన్నెలుంటే ఒకేసారి కింద పప్పు, మధ్యలో అన్నం, పైన బంగాళాదుంపలు. కుక్కర్ అడుగున మిగిలే వేణ్నీళ్లు శుభ్రమైనవే, అందులోనే చారుకి చింతపండు నానేయొచ్చు. కందిపప్పు బదులు పెసరపప్పు వాడు, తొందరగా ఉడుకుతుంది, గ్యాసూ కలిసొస్తుంది. కంచాలు కడిగే పని లేకుండా అరిటాకులు. హుద్‌హుద్‌కి పెరట్లో అరటిచెట్లన్నీ ఎలాగూ పడిపోయాయి, వీధి వీధంతా ఆకుల్లోనే తిన్నది. ఈసారి ఆ ముచ్చట ఉంటుందో లేదో, ముందే ఓ కట్ట విస్తళ్లు తెచ్చుకో.

ఇక వరస. గాలి రాకముందే ఫ్రిజ్ ఖాళీ చేయడం మొదలుపెట్టు. చేపలు రేపే పులుసు పెట్టేయి. చింతపండు చిక్కగా పట్టిన పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది. చికెన్ కూడా రేపే వండి రేపే అవగొట్టండి, కింది ఇంటివాళ్లకీ పెట్టండి. రేపు వాళ్ల గ్యాస్ మీద నీకు పాలు కాచుకునే అవసరం పడొచ్చు. తర్వాత ఆకుకూర, టమాటా, వంకాయ. దుంపలు, ఉల్లిపాయలు, గుమ్మడికాయ, దోసకాయ ఎన్నాళ్లయినా కూర్చుంటాయి, వాటి జోలికి మొదట్లోనే వెళ్లకు. పులిహోర కూడా ఫ్రిజ్ లేకుండా ఆ పూటకీ మర్నాటి పొద్దుటికీ నిలుస్తుంది. అందులో కొబ్బరి మాత్రం వెయ్యకు.

పెంకుటింటి_పాతకాపు | శుక్రవారం, రాత్రి 9:10

ఇవన్నీ ఎందుకండీ. బాల్కనీలో కుంపటి, నాలుగు బొగ్గులు. మా చిన్నప్పుడు కరెంటు ఉండేదా? మా అమ్మ కుంపటి మీద కాల్చిన దిబ్బరొట్టె రుచి మీ ఇండక్షన్లకి ఏడు జన్మలెత్తినా రాదు.

ఫ్రిస్కో_తెలుగమ్మాయి | శుక్రవారం, రాత్రి 10:02

పాతకాపు గారూ, దిబ్బరొట్టె రుచి ఒప్పుకుంటాను, కానీ మీ పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి పొగ పోయేది. తుపాను గాలికి అద్దాల తలుపులన్నీ బిగించుకున్న ఫ్లాట్‌లో పోదు. బొగ్గులు ఎర్రగా కాలి, పొగ లేనప్పుడు కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, తల తిరగడం, నిద్రమత్తు, అంతే. గాలి తిరగబడితే బాల్కనీలోది కూడా లోపలికే వస్తుంది.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపానుకి 45 లక్షలకు పైగా ఇళ్లకి కరెంటు పోయింది. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమందో ఉన్నారు కదా, ఆ వారం వాట్సాప్ గ్రూపులు చూడాలి. హ్యూస్టన్ వైపు చలికి తట్టుకోలేక బొగ్గుల గ్రిల్లులు ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లు, గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్లు కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయారు. అప్పటి నుంచి కుంపటి పేరెత్తితే నేను ఊరుకోను.

మాది పూర్తిగా ఎలక్ట్రిక్ వంటిల్లు, మీలాగే. కొరియన్ షాపులో కొన్న బ్యూటేన్ స్టవ్ ఉంది, హాట్‌పాట్ చేసుకుంటారే, అది. గరాజ్‌లో పెట్టిన డబ్బా తెచ్చి బిగిస్తే మంట పిల్లి మీసమంత వచ్చి ఆరిపోయింది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, బయటేమో మైనస్‌లో ఉంది. డబ్బాని ఇంట్లో గది వేడికి వచ్చేదాకా ఉంచి, కిటికీ తీసి పెట్టుకుని, ఒక్క ఉప్మా చేశాను. చలికి చేతులు వణుకుతున్నా ఆ ఉప్మా ముందు ఏ విందూ పనికిరాదు. వైజాగ్‌లో మీకు ఈ చలి గొడవ లేదు కాబట్టి బెజవాడ బాబాయ్ చెప్పిన చిన్న బండే మేలు.

ఫ్రిజ్ గురించి ఇక్కడి అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల లెక్క: తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నదైతే 24 గంటలు చల్లదనం నిలుపుతుంది. అందుకని ఇవాళే సీసాల్లో నీళ్లు పోసి (మెడ దాకా కాదు, పగులుతాయి) ఫ్రీజర్లో సందులన్నీ నింపేయండి. కరిగాక తాగడానికీ పనికొస్తాయి. ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టండి. తర్వాత చూసేసరికి బిళ్ల అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు, ఆ మాంసం వండొద్దు.

తిండిపోతు_143 | శుక్రవారం, రాత్రి 10:09

పాడయిందో లేదో వాసన చూస్తే తెలియదా అక్కా?

ఫ్రిస్కో_తెలుగమ్మాయి | శుక్రవారం, రాత్రి 10:15

తెలియదు తమ్ముడూ. వాసన తెప్పించేవి వేరు, కడుపులో గొడవ చేసేవి వేరు. చల్లదనం పోయి రెండు గంటలు దాటిన మాంసం, పాలు, వండిన కూర చెత్తబుట్టకే. ఊరగాయ, వెన్న, పచ్చి కూరగాయలకి ఏమీ కాదు.

సిక్కోలు_నర్సమ్మ | శుక్రవారం, రాత్రి 10:40

అత్తగారి ఇన్సులిన్ మాట ఎవరూ ఎత్తలేదు. వాడుతున్న సీసాగానీ పెన్నుగానీ 30 డిగ్రీలు దాటని చోట మామూలుగా నాలుగు వారాలు బయటే ఉండొచ్చు. రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి డబ్బాలోని కాగితం చూడండి. చిన్న మట్టికుండలో తడి ఇసుక పోసి, మీద మూకుడులో సీసా పెట్టి గుడ్డ కప్పితే చాలు. ఐసు ముక్కల్లో పెట్టొద్దు, గడ్డకడితే ఇక పనికిరాదు.

అంతకన్నా ముఖ్యం, అన్నం కంచంలోకి వచ్చాకే ఇంజెక్షన్. ఇంజెక్షన్ చేసేశాక స్టవ్ వెలగకపోతే ఆవిడకి షుగర్ పడిపోతుంది. ఆవిడ మంచం పక్కన గ్లూకోజ్ పొడి, అరటిపళ్లు పెట్టండి. బాబుకి పాలంటే టెట్రా ప్యాక్‌వి కొని ఉంచుకోండి, విప్పనంతవరకూ ఫ్రిజ్ అక్కర్లేదు. మామూలు పాలు కాచి, ఆరేడు గంటలకోసారి మళ్లీ పొంగించాలి. మిగిలితే తోడు పెట్టేయండి.

అనంత_ఉగ్గాణి | శనివారం, ఉదయం 7:05

మాకు తుపాన్లు రావు గానీ 2012లో కోతలు మమ్మల్ని బాగా తయారుచేసినాయి. పొద్దున టిఫినుకి ఉగ్గాణి చేసుకోండి. బొరుగులు నీళ్లలో ముంచి పిండేసి, తిరగమాతలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, టమాటా, చింతపండు రసం, చివర్న పుట్నాల పొడి. పొయ్యి మీద ఐదు నిమిషాల పని. పుట్నాల పొడి మాత్రం కరెంటు ఉన్నప్పుడే మిక్సీ పట్టి పెట్టుకోండి. నన్నడిగితే కరెంటు పోతుందని తెలిసిన ఇంట్లో చివరి గంట మిక్సీదే. అల్లం వెల్లుల్లి, కొబ్బరి పొడి, చట్నీల పొడి అన్నీ అప్పుడే.

కరీంనగర్_సర్వపిండి | శనివారం, ఉదయం 8:20

పొయ్యే అంటించకుండా కావాలంటే మా పచ్చిపులుసు ఉంది కదా. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, కొంచెం బెల్లం, వేయించిన నువ్వుల పొడి. పోపు పెడితే మంచిది, పెట్టకున్నా నడుస్తది. వేడన్నంల కలిపి పక్కకు ఉడికించిన గుడ్డు పెట్టుకుంటే గాలిదుమారం ఎంత కొట్టినా ఫికర్ లేదు. రోలు ఉంటే నువ్వులు అప్పటికప్పుడు దంచుకోవచ్చు. ఫ్లాటోళ్లకు రోలెక్కడిది అంటరా, అల్లం దంచే చిన్నదైనా చాలు.

కొత్త_హాబ్ | శనివారం, ఉదయం 9:00

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది గ్లాసు హాబ్, ఆటో ఇగ్నిషన్. కరెంటు పోతే వెలుగుతుందా?

ఫ్యూజుపోయింది | శనివారం, ఉదయం 9:11

కరెంటుతో పనిచేసేది నిప్పురవ్వ ఒక్కటే. అగ్గిపుల్ల వెలిగించి బర్నర్ దగ్గర పెట్టి నాబ్ నొక్కి తిప్పండి. కొన్నింటికి సేఫ్టీ సెన్సర్ ఉంటుంది, మంట అంటుకున్నాక కూడా కొన్ని సెకన్లు నాబ్ నొక్కే ఉంచాలి. చిమ్నీ పనిచేయదు కాబట్టి కిటికీ తీయండి, ఆ రోజుకి వేపుళ్లు మానుకోండి. చీకట్లో వంటకి కొవ్వొత్తి వద్దు, తలకి కట్టుకునే టార్చి ఉంటే దాన్ని మించింది లేదు.

మధురవాడ_కొత్తకాపురం | శనివారం, రాత్రి 8:30

అందరికీ థాంక్స్ చెప్తే సరిపోదు. బండ దొరికింది, సబ్బు నురగ పరీక్ష కూడా అయింది. బకెట్లు, బిందెలు, వాషింగ్ మెషీన్ టబ్బు, అన్నీ నింపేశాం. చికెన్ కింది ఇంటివాళ్లతో కలిసి ఇవాళే అయిపోయింది. ఆవిడ మాకు ఒక చిన్న రోలు ఇచ్చారు. దోసెల పిండి ఒక్కటే బోలెడు మిగిలింది, ఫ్రిజ్ లేకపోతే పులిసిపోతుంది కదా, ఏం చేయాలి? పెద్దమ్మగారూ, పులుసు పెట్టబోతున్నా, అరకిలో ముక్కలకి చింతపండు ఎంత?

సీతమ్మధార_పెద్దమ్మ | శనివారం, రాత్రి 8:52

పెద్ద నిమ్మకాయంత, కొత్తదైతే ఇంకాస్త. ముక్కలు వేశాక గరిటె పెట్టకు, గిన్నె చెవులు పట్టుకుని తిప్పు. నూనె పైకి తేలేదాకా సన్నమంట మీదే ఉంచు. రేపు తినేముందు మళ్లీ తెర్లా మరిగించు, గోరువెచ్చన చేసి సరిపెట్టకు.

పిండి పులిస్తే పులవనీ. మొదటి రోజు దోసెలు, మర్నాడు ఉల్లిపాయలు దండిగా వేసి ఊతప్పాలు. మరీ పుల్లగా అయితే కాస్త బొంబాయి రవ్వ కలిపి, మందపాటి గిన్నెలో నూనె పోసి మూత పెట్టి దిబ్బరొట్టెలా కాల్చు. కుంపటి ఆయన కూడా కాదనడు.

పెంకుటింటి_పాతకాపు | శనివారం, రాత్రి 9:04

గ్యాస్ మీదా? సరే, తుపాను కాబట్టి ఒప్పుకుంటున్నా.

మధురవాడ_కొత్తకాపురం | మంగళవారం, ఉదయం 11:15

అందరం క్షేమం. ఆదివారం మధ్యాహ్నం పోయిన కరెంటు నిన్న రాత్రి పొద్దుపోయాక వచ్చింది. పెద్దమ్మగారు చెప్పినట్టే పొయ్యి కన్నా నీళ్లే ఇబ్బంది పెట్టాయి, ట్యాంకు నిన్న పొద్దున్నే ఖాళీ. అత్తెసరు అన్నం, పెసరపప్పు, ఆదివారమంతా చేపల పులుసు, నిన్న పచ్చిపులుసు. మా అత్తగారిది తూర్పుగోదావరి, పచ్చిపులుసు చూసి ముందు మొహం ముడిచారు, తర్వాత రెండోసారి వడ్డించుకున్నారు. రైస్ కుక్కర్ ఇన్వర్టర్ మీద ఒక్కసారే వాడాం, టీవీ ప్లగ్గు దగ్గర. కరెంటు వచ్చాక ఒకసారి లైట్లు డల్లుగా అయ్యి మళ్లీ పెరిగాయి, ఫ్రిజ్ ఇంకా వేయలేదు. ఇప్పుడు వేయొచ్చా?

ఫ్యూజుపోయింది | మంగళవారం, ఉదయం 11:22

లైట్లు అరగంట నిలకడగా వెలిగితే వేయండి. ముందు ఖాళీ ఫ్రిజ్ మాత్రమే, ఇండక్షను, గీజరు దానితోపాటు పెట్టొద్దు. మళ్లీ డల్లయితే ప్లగ్గు తీసేసి 1912కి ఫోన్ చేయండి.